ఎవరి వంతు ఎంతసేపు

రాత్రి భోజనాలు కాగానే హాస్టల్ వైఫై నీరసించిపోతుంది. ఏ క్యాంపస్‌లో అడిగినా ఇదే ఫిర్యాదు. కారణాలు కూడా అందరి దగ్గరా సిద్ధంగానే ఉంటాయి. కాలేజీ వాళ్ళు ప్యాకేజీ తగ్గించారనేది ఒకటి, పై అంతస్తు వాళ్ళు సినిమాలు దించుకుంటున్నారనేది ఇంకొకటి. రెండూ నిజం కావచ్చు. కానీ లైను బాగానే ఉండి, సినిమాలు ఎవరూ చూడకపోయినా వైఫై కూలబడే రోజులుంటాయి. వరండా చివరి గదిలో ఎవరి చేతిలోనో ఒక పాత ఫోన్ ఉంటే చాలు. అది చేస్తున్న పని వాట్సాప్‌లో వచ్చిన నోట్సు దించుకోవడమే కావచ్చు. ఆ కాసేపూ పక్క గదుల్లోని కొత్త లాప్‌టాప్‌లు కూడా దాని నడకకే దిగివస్తాయి.

ధర్మసాగర్ వైపు నిలబడి చూస్తే ఈ సంగతి ఇంకో రకంగా కనిపిస్తుంది. కాజీపేటకు పడమర ఉన్న ఈ మండలానికి దగ్గర్లోనే పెద్ద చదువుల చోట్లన్నీ ఉన్నాయి. ఒకవైపు నిట్, ఒకవైపు 1976లో మొదలైన కాకతీయ విశ్వవిద్యాలయం, ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్. ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటిదానికి 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది వరంగల్‌లోనే. 2002లో అది నిట్ అయింది. అక్కడి 1.8కె హాస్టల్ పేరులోనే దానిలో పట్టే పిల్లల లెక్క ఉంది. పద్దెనిమిది వందల మంది ఒక కప్పు కింద పడుకునే చోట ఫోన్లు, లాప్‌టాప్‌లు కలిపి ఎన్నుంటాయో ఊహించుకోవచ్చు. ఉనికిచెర్ల నుంచో, దేవునూరు నుంచో ఇలాంటి క్యాంపస్‌లకు వచ్చే పిల్లల దగ్గర చాలాసార్లు ఉండేది అన్న వాడి విడిచిన ఫోనో, కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం నాయన అప్పుచేసి కొన్న ఫోనో. అందరి వైఫైనీ మందగింపజేస్తోందని వేలెత్తి చూపేది ఇలాంటి ఫోన్నే. అందుకని ఈ వేగాల గొడవను ఇంజనీర్లకు వదిలేయడానికి వీల్లేదు.

అసలు ఏం జరుగుతోంది? వైఫై పంచే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. అలాంటి ఒకదాని కింద ఉన్న ఫోన్లు, లాప్‌టాప్‌లు అన్నీ ఒకే చానెల్‌ను పంచుకుంటాయి. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. చానెల్ ఖాళీగా ఉందో లేదో ప్రతి పరికరమూ ముందు వింటుంది. ఖాళీగా ఉంటే ఇంకొన్ని మైక్రోసెకన్లు ఆగి తన ప్యాకెట్ పంపుతుంది. ఆ ఆగడం ఒక్కోదానికి ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది, ఇద్దరూ ఒకేసారి నోరు తెరవకుండా. ఇందులో పెద్దా చిన్నా తేడా లేదు, పాతా కొత్తా తేడా లేదు. కాసేపయ్యాక లెక్క తీస్తే అందరికీ ఇంచుమించు సమానంగానే వంతులు వచ్చి ఉంటాయి.

ఈ పద్ధతికి మూలం కూడా ఒక విశ్వవిద్యాలయమే కావడం విశేషం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ అలోహా అనే నెట్‌వర్క్ నడిపింది. అనుమతి అడగకుండా ఎవరికి వారు పంపేయడం, ఢీకొంటే కాసేపాగి మళ్ళీ పంపడం దాని పద్ధతి. పంపేముందు వినాలన్న మర్యాద తర్వాత వచ్చి చేరింది. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణం, 802.11, ఆ వంశంలోదే. పెత్తందారు లేని ఏర్పాటు కాబట్టి ఎవరికీ పక్షపాతం అంటగట్టలేం. అయితే ఆ నియమం కొలిచేది ఎన్నిసార్లు అన్నదాన్నే. ఎంతసేపు అన్నదాన్ని కొలవదు.

1997లో ఆ తేడా పెద్దగా పట్టించుకోవలసినది కాదు. అప్పటి వేగాలు రెండే, సెకనుకు ఒకటి లేదా రెండు మెగాబిట్లు. 1999లో 802.11బి వచ్చి 11కు పెంచింది. 2003లో 802.11జి 54కు తీసుకెళ్ళింది. 2009లో ఎన్, 2013లో ఏసీ, 2021లో ఏఎక్స్ వచ్చి వేగాలను వందలు, వేలు దాటించాయి. ఏది వచ్చినా పాతదాన్ని గెంటేయలేదు. ఇవ్వాళ కొన్న యాక్సెస్ పాయింట్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒక మెగాబిట్ వేగంతో పలకరించే పరికరానికి బదులిస్తుంది. ఇంత వినయం టెక్నాలజీ లోకంలో అరుదు. చిక్కు వచ్చింది కూడా ఆ వినయం దగ్గరే.

చిన్న లెక్క వేద్దాం. మామూలు ప్యాకెట్ ఒకటి 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. సెకనుకు 54 మెగాబిట్లతో పంపే లాప్‌టాప్‌కు అది పంపడానికి మిల్లీసెకనులో పావు వంతు కూడా పట్టదు. ఒక్క మెగాబిట్‌తో పంపే ఫోన్‌కు 12 మిల్లీసెకన్లు పడుతుంది. నువ్వొకటి, నేనొకటి అని వంతులు వేసుకుంటే, మొత్తం సమయంలో నూటికి 98 పాళ్ళు ఫోన్‌కే పోతుంది. మిగిలిన రెండు పాళ్ళలో లాప్‌టాప్ ఎంత పరుగెత్తినా ఏం లాభం? దానికి చివరికి దక్కేది సెకనుకు ఒక మెగాబిట్ లోపే. పేరుకు 54, అందేది ఒకటి. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి మార్టిన్ హూస్, ఫ్రాంక్ రూసో, జిల్ బెర్జె-సబాతెల్, ఆంద్రెజ్ డుడా అనే నలుగురు పరిశోధకులు 802.11బి మీద దీన్ని లెక్కగట్టి, కొలిచి చూపించారు. ఒక్కరు ఒక మెగాబిట్‌కు పడిపోతే 11 మెగాబిట్ల వాళ్ళంతా ఆ ఒకటి కన్నా కిందికి దిగిపోతారని తేల్చారు. ఇప్పటి ప్రమాణాల్లో వేగం గల పరికరాలు తమ వంతు రాగానే చాలా ప్యాకెట్లను ఒకే మూటగా కట్టి పంపుతాయి కాబట్టి దెబ్బ అంత తీవ్రంగా లేదు. పూర్తిగా పోలేదు కూడా.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. నెమ్మది ఫోన్ అంటే పాత ఫోనే కానక్కర్లేదు. నిన్న కొన్న ఫోన్ అయినా, యాక్సెస్ పాయింట్‌కు దూరంగా వెళ్తే, నడుమ రెండు గోడలు అడ్డం పడితే, సంకేతం బలహీనమై తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గట్టిగా వినబడని చోట నిదానంగా మాట్లాడక తప్పదు దానికి. పాతకాలపు హాస్టళ్ళు పొడుగాటి వరండా, అటూ ఇటూ గదులు, మందమైన ఇటుక గోడలతో కట్టినవి. వాటిని కట్టిన రోజుల్లో వార్డెన్ గదిలో ఒక ల్యాండ్‌లైన్ ఉంటే గొప్ప. ఇప్పుడు వరండా నడిమధ్యన సీలింగుకు ఒక యాక్సెస్ పాయింట్ బిగిస్తారు. దాని ఎదురు గదుల వాళ్ళు అదృష్టవంతులు. చివరి గది పిల్లవాడు తలుపు దగ్గరికి మంచం జరుపుకుంటాడు. "నెట్ వస్తలేదే అన్నా" అని అతనంటే "ముందుగాల వరండాలకు రా, అప్పుడు చూడు" అని సీనియర్ ఇచ్చే సలహా నవ్వులాటగా అనిపించినా సాంకేతికంగా నూటికి నూరుపాళ్ళు సరైనది. అతను నాలుగడుగులు ముందుకొస్తే అతని ఫోన్ వేగం పెరుగుతుంది. దాంతోపాటు అంతస్తు మొత్తానికీ వేగం పెరుగుతుంది. చివరి గదిని అతను కోరి తీసుకోలేదు, కేటాయింపులో వచ్చింది.

నీళ్ళ పంపకం ఎరిగిన ధర్మసాగర్ రైతుకు ఈ మెలిక విప్పి చెప్పాల్సిన పనిలేదు. ఏటూరునాగారం దిక్కున గంగారం దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు దేవాదుల పథకం కింద ధర్మసాగర్ చెరువుకు చేరతాయి. పొలాలకే కాక వరంగల్ నగరం నల్లాలకూ ఇక్కడి నీళ్ళు కావాలి. ఇంతమంది కళ్ళు పడ్డ నీటికి వంతు పెట్టకపోతే గడవదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద యాసంగికి నీళ్ళు ఎంత ఆయకట్టుకు సరిపోతాయో చూసి తైబందీ ఖరారు చేస్తారు. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ మీద వారబందీ నడుస్తుంది, ఇన్ని రోజులు పారకం, ఇన్ని రోజులు బందు. ఊరి చెరువు తూము నీరటికాడి చేతిలో ఉంటుంది. ఆ నీరటికాడు గడియారం పక్కనపెట్టి, "నీ మడి నిండిందాక పారించుకో, తర్వాతనే పక్కోడికి" అన్నాడనుకోండి. దూరపు కాలువ కొసన ఇసుక చెల్క ఉన్న రైతు మడి నిండేసరికి పొద్దు గూకుతుంది. తూము దగ్గరి మళ్ళు తడి కోసం చూస్తూ ఉంటాయి. ఎవరికీ ఎక్కువా తక్కువా లేదు, తలా ఒక మడే. అయినా ఊరంతా ఎండుతుంది. వైఫైలో ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన న్యాయం ఇదే.

వంతు గంటల్లో వేస్తే? ఈ ప్రశ్నను 2004లో అమెరికాలోని ఎంఐటీ నుంచి గాడ్‌ఫ్రీ టాన్, జాన్ గుట్టాగ్ గట్టిగా వేశారు. ప్యాకెట్లను కాకుండా కాలాన్ని సమానంగా పంచాలన్నారు. పైన చెప్పిన లెక్కనే తీసుకుంటే, లాప్‌టాప్‌కు సగం సమయం దొరుకుతుంది, కాగితం మీద దాని వేగం 27 మెగాబిట్లకు ఎగబాకుతుంది. ఫోన్‌కు కూడా సగం సమయమే కాబట్టి అది అర మెగాబిట్‌కు దిగుతుంది. ఒకరికి ఇరవై ఏడింతలు, ఇంకొకరికి సగానికి కోత. పైపైన చూస్తే ఉన్నవాడికి పెట్టి లేనివాడి దగ్గర లాక్కున్నట్టే ఉంటుంది. కానీ వాళ్ళ వాదనలోని బలం వేరేచోట ఉంది. పక్కన ఉన్నది కొత్త లాప్‌టాప్ కాక తనలాంటి ఇంకో పాత ఫోనే అయితే ఈ ఫోన్‌కు ఎంత దక్కేది? అప్పుడూ అర మెగాబిట్టే. అంటే కొత్తవాడు వచ్చి చేరినందువల్ల పాతవాడికి నష్టం లేదు, పాతవాడు ఉన్నందువల్ల కొత్తవాడికీ లేదు. ఎవరి నెమ్మది వారి వరకే ఆగుతుంది. ఈ పద్ధతి మాకు నచ్చింది. పాత ఫోన్ పిల్లవాణ్ణి బయటికి పొమ్మనకుండానే, అతని మీద పడుతున్న నిందను తొలగించేది ఇదొక్కటే.

నచ్చింది కానీ ఒక షరతు మీద. పంజాబ్ కాలువల వారబందీలో వంతు గంటలూ నిమిషాల్లోనే ఇస్తారు. అయితే ఎండిన పిల్లకాలువ నిండి నీళ్ళు పొలం దాకా రావడానికి పట్టే సమయాన్ని విడిగా లెక్కగట్టి ఆ రైతు వంతుకు కలుపుతారు. కాలువ నిండడంలో పోయిన నిమిషాలు అతని వంతులో కోత పడకూడదని. వైఫైలో కాలాన్ని సమానంగా పంచి, చివరి గదిని మాత్రం యాక్సెస్ పాయింట్‌కు అంత దూరంలోనే ఉంచితే, చివరి గదివాడికి దక్కేది సమానమైన కాలమూ సగం చదువూ. దానికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. యాక్సెస్ పాయింట్లను వరండాలోంచి గదుల వైపు జరపాలి, ఇంకొన్ని పెట్టాలి, ఒక్కోదాని గొంతు తగ్గించాలి. డబ్బు ఖర్చయ్యే పని కాబట్టే ఇది జాబితాలో ఎప్పుడూ చివరన ఉంటుంది.

కాలాన్ని పంచే పద్ధతి ఇప్పుడు ప్రయోగశాలల్లో మిగిలిపోయిన వింత కాదు. 2017లో స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకే హాయ్‌లాండ్-యోర్గెన్సెన్, తోటి పరిశోధకులు దీన్ని లినక్స్‌లో అమలుచేసి చూపారు. క్యాంపస్‌లకు అమ్మే యాక్సెస్ పాయింట్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉంటుంది. ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అనే పేరుతో సెట్టింగుల్లో ఎక్కడో ఒక మూల. ఆ పెట్టెలో టిక్కు పెట్టారా లేదా అని అడగడానికి ఏ విద్యార్థి సంఘానికీ ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. దానికీ హద్దులున్నాయి. యాక్సెస్ పాయింట్ తను కిందికి పంపేదాన్ని చక్కగా పంచగలదు. ఫోన్ల నుంచి పైకి వచ్చేదాని మీద దానికంత పట్టు లేదు. అయినా హాస్టల్‌లో ఎక్కువ భాగం కిందికి దించుకునే వ్యవహారమే కాబట్టి ఉపయోగం ఉపయోగమే.

దానికి బదులు చాలాచోట్ల ఎంచుకునే దారి వేరు. ఒకటి, రెండు, ఐదున్నర, పదకొండు మెగాబిట్ల పాత వేగాలను మొత్తంగా ఆపేస్తారు. ఒక మీట నొక్కితే అయిపోతుంది. అంతస్తు మొత్తం వేగం పెరుగుతుంది, ఫిర్యాదులు సగానికి సగం తగ్గుతాయి. తగ్గిన ఫిర్యాదుల్లో కొన్ని, ఫిర్యాదు చేసే అవకాశమే పోయినవాళ్ళవి. చివరి గదిలో వైఫై పేరు కూడా కనిపించదు. ఆ పిల్లవాడు డేటా ప్యాక్ వేయించుకుంటాడు, లేదా లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటాడు. కాలేజీ ఖర్చు అతని జేబుకు మారింది, అంతే. ఈ మీట నొక్కవద్దని మా ఉద్దేశం కాదు. నిజమైన 802.11బి పరికరాలు ఇవ్వాళ చాలా అరుదు, వాటిలో ఒక్కటి చేరినా మిగతావన్నీ ప్రతిసారీ పాత పద్ధతిలో హెచ్చరిక పంపి గానీ మాట్లాడలేవు. ముందు యాక్సెస్ పాయింట్లు దగ్గరికి జరిపి, తర్వాత మీట నొక్కితే ఎవరూ బయట పడరు. క్రమం తప్పితేనే ఇబ్బంది.

అసలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ఇరుకైనది. ఒకదానికొకటి తగలని చానెళ్ళు అందులో మూడే, ఒకటి, ఆరు, పదకొండు. మన దేశంలో 2005లో దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగాన్ని కూడా వదిలారు. కొత్త ఫోన్లు అటు వెళ్ళిపోతే పాతవాటికి ఇటు చోటు మిగులుతుంది. రెండు పట్టీలు ఉన్న ఫోన్లు చాలావరకు తమంతట తామే వెళ్తాయి. కానీ చవక ఫోన్లలో చాలావాటికి 2.4 తప్ప లేదు. కాబట్టి ఆ ఇరుకులో చివరికి మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇరుకును మరింత ఇరుకు చేసే సరదా ఒకటి కాలేజీ ఆఫీసులకు ఉంది. విద్యార్థులకు ఒక వైఫై పేరు, అధ్యాపకులకు ఒకటి, అతిథులకు ఒకటి, పరీక్షల విభాగానికి ఒకటి. పేర్లు ఎన్నున్నా పెట్టె ఒక్కటే, చానెల్ ఒక్కటే. ప్రతి పేరూ నేనున్నానని సెకనుకు పది సార్లు దండోరా వేస్తుంది. ఆ దండోరా అందరికీ వినబడాలి కాబట్టి అతి తక్కువ వేగంలో వేస్తుంది. ఒక మెగాబిట్ వేగంలో 250 బైట్ల దండోరాకు రెండు మిల్లీసెకన్ల పైనే పడుతుంది. నాలుగు పేర్లకు కలిపి సెకనులో దాదాపు తొమ్మిది శాతం దానికే చెల్లు. అదే చానెల్ మీద వినబడేంత దూరంలో ఇలాంటి పెట్టెలు ఇంకో రెండు ఉంటే నాలుగో వంతుకు పైగా సమయం ఎవరూ ఒక్క పాఠం చదవకుండానే ఖర్చవుతుంది. ఆ తర్వాత పిల్లలు తలా ఒక స్పీడ్ టెస్ట్ పెట్టి, మిగిలినదాన్ని కొలవడంలో కాస్త ఖర్చు చేస్తారు.

పాత ఫోన్లు కలపవద్దని నోటీసు అంటించడం అన్నిటికన్నా సులువు. అంటించే ముందు ఆ నోటీసు బోర్డు పక్కనే గోడకు ఏముందో కూడా చూడాలి. వేలిముద్ర హాజరు యంత్రం, దాని మీద సీసీ కెమెరా, లోపలి గదిలో ప్రింటర్. వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వచ్చు. పిల్లల ఫోన్లు మూడు నాలుగేళ్ళకైనా మారతాయి, ప్రింటర్ పనిచేస్తున్నంత కాలం దాన్ని మార్చే ఆఫీసు లేదు. ఫోన్ జేబులోకి వెళ్ళాక కాసేపైనా నిద్రపోతుంది. వైఫై మీద నడిచే కెమెరా రాత్రింబవళ్ళు బొమ్మలు పైకి పంపుతూనే ఉంటుంది, అది బిగించిన మూల యాక్సెస్ పాయింట్‌కు ఎంత దూరమో ఎవరూ కొలిచి ఉండరు. ఇవన్నీ గోడకు మేకులతో బిగించినవి, అడుగు కదలవు. వీటికి వైఫైలో వంతే అక్కర్లేదు. దగ్గర్లోని స్విచ్ నుంచి తలా ఒక కేబుల్ లాగిస్తే, కొత్త పిల్లల చేరికలు మొదలయ్యేలోపు అయిపోయే పని.